టెర్మినల్లో ఈమెయిల్: మట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లటి తెర మీద మెయిల్ చదువుకుంటుంటే పక్కసీటు వాళ్లు తొంగిచూసి అదేంటని అడుగుతారు. కొందరు మర్నాడు లాప్‌టాప్ తెచ్చి తమకూ పెట్టించుకుంటారు, వారం తిరక్కుండా ఇంకో నాలుగు ప్రశ్నలతో వస్తారు. అలా పదిహేనేళ్లలో పోగైన ప్రశ్నలివి. కమాండ్లు, సెట్టింగుల పేర్లు పలికే తీరులో తెలుగులోనే రాశాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. మట్‌కి చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు. క్యాపిటల్ అని చెప్పిన చోట షిఫ్ట్ పట్టుకుని నొక్కండి.

మట్ అంటే ఏమిటి? ఎవరు చేశారు?

టెర్మినల్లో, అంటే కమాండ్లు టైపు చేసే తెరలో నడిచే ఈమెయిల్ ప్రోగ్రామ్. మైకేల్ ఎల్కిన్స్ 1995లో మొదలుపెట్టారు. అప్పటికి ఎల్మ్, పైన్, మష్ అనే ప్రోగ్రాములు వాడకంలో ఉన్నాయి. వాటిలో ఉన్న మంచిని తలా కాస్త తీసుకుని కలిపారు కాబట్టి, జాతులు కలిసిన కుక్కని ఇంగ్లీషులో ఏమంటారో ఆ పేరే దీనికీ పెట్టారు. 2016 నుంచి నియోమట్ అనే శాఖ కూడా ఉంది. ఈ పేజీలో చెప్పేవి దాదాపు అన్నీ రెంటికీ వర్తిస్తాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏది పెట్టుకున్నా పర్వాలేదు.

ఫోన్‌లో జీమెయిల్ యాప్ ఉండగా ఇదెందుకు?

ఫోన్‌లో యాప్‌ని తీసేయమని ఎవరికీ చెప్పను. బస్సులో ఉన్నప్పుడు నేనూ అదే చూస్తాను. రోజుకి వంద మెయిళ్లు వచ్చేవాళ్లకి, వాటిలో ఎక్కువ భాగం చదివి జవాబు రాయాల్సినవాళ్లకి మాత్రం మట్ ఇచ్చే తీరిక మరెక్కడా దొరకదు. చెయ్యి కీబోర్డు మీంచి లేవదు. పదివేల మెయిళ్ల ఫోల్డరైనా ఒకసారి హెడర్లు (పంపినవారు, సబ్జెక్టు లాంటి వివరాలు) దాచుకున్నాక వెంటనే తెరుచుకుంటుంది. పక్కన ప్రకటనలుండవు, మీ తరఫున ముందే రాసిపెట్టిన జవాబులుండవు. మెయిల్ మీ డిస్క్ మీద మామూలు ఫైల్‌గా ఉంటుంది. నా వరకు అన్నిటికంటే ముఖ్యం ఈ చివరిదే, దాని గురించి కింద మళ్లీ చెబుతాను.

ఇంకో సంగతి. లినక్స్ కెర్నెల్‌కి ప్యాచ్‌లు, అంటే కోడ్‌లో మార్పులు, ఇప్పటికీ మెయిల్‌లోనే వెళతాయి. జీమెయిల్ వెబ్ పేజీ ఆ పనికి పనికిరాదని, ట్యాబ్‌లని స్పేస్‌లుగా మార్చేస్తుందని, 78 అక్షరాల దగ్గర లైనుని విరిచేస్తుందని కెర్నెల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. అదే పేజీలో మట్‌ని చాలామంది డెవలపర్లు వాడతారనీ ఉంది. ఓపెన్ సోర్స్‌లో పని చేయాలనుకునే పిల్లలకి ఇది ఎలాగూ ఒకరోజు అవసరం పడుతుంది.

ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలి?

ఉబుంటు, డెబియన్‌లలో ఆప్ట్‌తో, ఫెడోరాలో డీఎన్ఎఫ్‌తో, మ్యాక్‌లో హోమ్‌బ్రూతో. ప్యాకేజీ పేరు మట్ అనే ఉంటుంది. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు) పెట్టుకుని అందులో వేసుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్‌లోనూ దొరుకుతుంది.

జీమెయిల్ పాస్‌వర్డ్ సరిగ్గానే ఇస్తున్నా లాగిన్ అవడం లేదు. ఎందుకు?

అందరూ ఆగిపోయే చోటు ఇదే. పాస్‌వర్డ్ తప్పు కాదు, ఆ దారే మూసేశారు. మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములు లాగిన్ అవడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపడం మొదలుపెట్టింది. ఇప్పుడు చేయాల్సింది ఇది: గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ పేజీకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. ఆ తర్వాత యాప్ పాస్‌వర్డ్ ఒకటి తయారుచేసుకోండి. 16 అక్షరాలుంటుంది. తెర మీద చూపించేటప్పుడు నాలుగేసి అక్షరాలకి ఒక ఖాళీ ఉంటుంది, ఆ ఖాళీలు తీసేసి మట్‌కి ఇవ్వండి.

ఇన్‌బాక్స్‌కి ఐమాప్ పోర్టు 993, పంపడానికి ఎస్ఎంటీపీ పోర్టు 465. రెంటికీ అదే యాప్ పాస్‌వర్డ్.

ఆఫీసు ఖాతా అయితే యాప్ పాస్‌వర్డ్ ఇవ్వనివ్వకపోవచ్చు. అవుట్‌లుక్ డాట్ కామ్ కూడా 2024 సెప్టెంబర్‌లో మామూలు పాస్‌వర్డ్ పద్ధతిని ఆపేసింది. అలాంటి చోట పాస్‌వర్డ్ బదులు టోకెన్‌తో లాగిన్ అయ్యే ఓఆథ్ పద్ధతి ఉంది. దానికి కావలసిన పైథాన్ స్క్రిప్ట్ మట్‌తోనే వస్తుంది, మట్ అండర్‌స్కోర్ ఓఆథ్2 అనే పేరుతో కాంట్రిబ్ ఫోల్డర్లో వెతకండి. ఒక సాయంత్రం పడుతుంది, కానీ ఒకసారి కుదిరితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఆఫీసు మెయిల్ విషయంలో ముందు ఐటీ వాళ్ల అనుమతి తీసుకోండి.

పాస్‌వర్డ్‌ని కాన్ఫిగ్ ఫైల్లో రాసి పెట్టొచ్చా?

వద్దు. మట్ సెట్టింగులన్నీ ఉండే మట్‌ఆర్‌సీ ఫైల్‌ని మనం నలుగురికీ చూపిస్తాం, గిట్‌లో పెడతాం, సాయం అడిగేటప్పుడు అతికిస్తాం. పాస్‌వర్డ్ అందులో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. పాస్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, పాస్‌వర్డ్‌ని జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రామ్‌తో తాళం వేసి దాచుతుంది. మట్‌ఆర్‌సీలో పాస్‌వర్డ్ రాయాల్సిన చోట బ్యాక్‌టిక్‌ల మధ్య ఆ కమాండ్ రాస్తే, మట్ తెరిచినప్పుడల్లా దాన్ని నడిపి పాస్‌వర్డ్ తీసుకుంటుంది.

తెర మీద ఒక్కో లైనులో ఉన్నవి ఏమిటి?

నా తెర మీద ఒక లైను ఇలా ఉంది:

12 ఎన్ + జూన్ 03 పెద్దమ్మ (1.4కె) పెళ్లి శుభలేఖ చూశావా

పన్నెండో మెయిల్. ఎన్ అంటే కొత్తది, ఇంకా తెరవలేదు. ఓ అని ఉంటే గతసారి వచ్చినా చదవకుండా వదిలేసింది. చిన్న ఆర్ ఉంటే జవాబు రాశారని. తర్వాత ఉన్న ప్లస్ గుర్తు నాకెంతో ఇష్టం. ఈ మెయిల్ మీకు ఒక్కరికే వచ్చిందని దాని అర్థం. మీతోపాటు ఇంకొందరికీ పంపితే అక్కడ టీ, మీరు సీసీలో ఉంటే సీ పడుతుంది. ఇది పని చేయాలంటే మీ అడ్రసులు మట్‌కి తెలియాలి, ఆల్టర్నేట్స్ అనే కమాండ్‌తో అన్నీ చెప్పండి. పొద్దున్నే ఎనభై మెయిళ్లుంటే ముందు ప్లస్ గుర్తున్నవి చూస్తాను. ఎవరో నాకని కూర్చుని రాసినవి అవే కదా.

ఏయే కీలు తప్పనిసరిగా నేర్చుకోవాలి?

జే కిందికి, కే పైకి. ఎంటర్ కొడితే మెయిల్ తెరుచుకుంటుంది. ఎమ్ కొత్త మెయిల్, ఆర్ జవాబు, జీ అందరికీ జవాబు, ఎఫ్ ఫార్వర్డ్. సీ కొడితే వేరే ఫోల్డర్‌కి వెళతారు. ట్యాబ్ కొడితే తర్వాతి కొత్త మెయిల్ దగ్గరికి దూకుతుంది. మరిచిపోతే ప్రశ్నార్థకం నొక్కండి, ఆ తెరలో పనిచేసే కీలన్నీ చూపిస్తుంది. ఇవి వస్తే మొదటి వారం గడిచిపోతుంది. మెయిలింగ్ లిస్టుల్లో ఉన్నవాళ్లు క్యాపిటల్ ఎల్ కూడా నేర్చుకోండి, జవాబు లిస్టుకి మాత్రమే వెళుతుంది.

కీలు నొక్కుతుంటే ఏమీ జరగడం లేదు, కింద ఏదో తప్పు అని వస్తోంది.

కీబోర్డు తెలుగులో ఉండిపోయి ఉంటుంది. తెలుగువాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో డీ కీ మీద పొల్లు ఉంటుంది, జే మీద ర, కే మీద క. మీరు డిలీట్ అనుకుని డీ నొక్కితే మట్‌కి పొల్లు అందుతుంది, దాన్ని ఏం చేయాలో దానికి తెలియదు. మెయిల్ రాసి ఎడిటర్ మూసేయగానే కీబోర్డుని ఇంగ్లీషుకి మార్చడం అలవాటు చేసుకోండి. లినక్స్‌లో కీబోర్డు భాష మార్చే ఎఫ్‌సీఐటీఎక్స్5లో ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక్కో భాష గుర్తుపెట్టుకునే వీలుంది. ఎడిటర్‌ని వేరే విండోలో తెరిచేవాళ్లకి అది బాగా కలిసొస్తుంది.

తెలుగు మెయిళ్లు ప్రశ్నార్థకాలుగా కనిపిస్తున్నాయి.

లొకేల్ (సిస్టమ్‌లో భాష, అక్షరాల సెట్టింగు) అని కమాండ్ కొట్టి చూడండి. యూటీఎఫ్-8 అని ఉండాలి. సీ అనో పోజిక్స్ అనో ఉంటే మట్‌కి తెలుగు అక్షరాలు అచ్చువేయదగ్గవని తెలియదు, ప్రశ్నార్థకాలు పెట్టేస్తుంది. ఎస్ఎస్‌హెచ్‌తో వేరే సర్వర్‌లోకి వెళ్లి మట్ నడిపేవాళ్లకి ఇది ఎక్కువ. మీ లాప్‌టాప్‌లో అన్నీ సరిగ్గానే ఉంటాయి, అవతలి సర్వర్లో లొకేల్ పెట్టి ఉండదు. మట్‌ఆర్‌సీలో చార్‌సెట్ మార్చి దీన్ని సరిచేయాలని చూడకండి. లొకేల్ సరిచేస్తే చార్‌సెట్‌ని మట్ తనే తెలుసుకుంటుంది.

అక్షరాలు వస్తున్నాయి గానీ ఒత్తులు విడిపోతున్నాయి, లైన్లు పక్కకి జరుగుతున్నాయి.

ఇది మట్ తప్పు కాదు, టెర్మినల్ పని. టెర్మినల్ తెరంతా గడినుడి కాగితంలా సమానమైన గళ్లుగా ఉంటుంది. ఇంగ్లీషుకి ఒక అక్షరం ఒక గడి, అంతటితో అయిపోయింది. తెలుగులో లక్ష్మి అనే మాట తీసుకోండి. మన కంటికి రెండే అక్షరాలు: ల, క్ష్మి. కంప్యూటర్‌లో అవి ఏడు కోడ్లు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. పొల్లుకీ గుడికీ గడి ఇవ్వకుండా నాలుగు హల్లులకి నాలుగు గళ్లు లెక్కేస్తుంది మట్. ఫాంటు మాత్రం క్ష్మిని ఒకే ముద్దగా, ఒకటిన్నర రెండు గళ్ల వెడల్పున గీస్తుంది. మట్ లెక్క ఒకటి, తెర మీద పడ్డది ఒకటి. ఆ తేడా వల్లే పక్కనున్న కాలమ్ జరిగిపోతుంది.

ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్‌కి ఒత్తులు కలపడమే రాదు, తెలుగుకి దాన్ని వదిలేయండి. కేడీఈ వాళ్ల కాన్సోల్ అనే టెర్మినల్ బాగానే చూపిస్తుంది. ఎమ్ఎల్‌టర్మ్ అనే టెర్మినల్‌ని మన లిపుల్లాంటి వాటిని దృష్టిలో పెట్టుకునే చేశారు, ఒకసారి ప్రయత్నించండి. ఫాంటుగా నోటో సాన్స్ తెలుగు పెట్టుకోండి. ఇవన్నీ చేసినా కాలమ్‌లు నూటికి నూరుపాళ్లు కుదురుగా నిలబడవు. అందుకని నేను మెయిళ్ల జాబితా ఎలా కనపడాలో చెప్పే ఇండెక్స్ ఫార్మాట్ సెట్టింగులో సబ్జెక్టుని చివరికి పెట్టి, పేరు కాలమ్ దగ్గర మారుపేర్లు ఇంగ్లీషులో ఇచ్చుకున్నాను. చివర ఉన్నది ఎటు జరిగినా పక్కవాటికి ఇబ్బంది లేదు.

తెలుగు మెయిల్ రాయడానికి టెర్మినల్ ఎడిటర్ కష్టంగా ఉంటే బయటి ఎడిటర్ పెట్టుకోండి. ఎడిటర్ అనే సెట్టింగుకి జీవిమ్ ఇస్తే పక్కన హైఫన్ ఎఫ్ తప్పకుండా చేర్చండి, జీఎడిట్ అయితే వెయిట్ అనే ఆప్షన్. అది లేకపోతే ఎడిటర్ వేరే విండోలో తెరుచుకున్న మరుక్షణం పని అయిపోయిందనుకుంటుంది మట్. ఏమీ రాయలేదు కాబట్టి మెయిల్ రద్దు చేశానని చెప్పేస్తుంది. అటు విండోలో మీరు రెండు పేజీలు రాసి సేవ్ చేసినా అవి వెళ్లవు.

ఒక తెలుగు మెయిల్ సబ్జెక్టు మొత్తం ఇంగ్లీషు అక్షరాల చెత్తలా ఉంది. అదేమిటి?

హెచ్ కీ నొక్కితే పూర్తి హెడర్లు కనిపిస్తాయి. మెయిల్ పుట్టిన రోజుల్లో హెడర్లలో ఇంగ్లీషు అక్షరాలకి తప్ప చోటు లేదు. ఆ కట్టుబాటు మీరకుండా మిగతా భాషల్ని పంపడానికి ఒక సంకేత పద్ధతి పెట్టారు. నమస్కారం అనే మాటే చూడండి. ఎనిమిది కోడ్లు, ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 24. బేస్64లోకి మార్చితే 32 ఇంగ్లీషు అక్షరాలవుతాయి. వాటికి ముందు యూటీఎఫ్-8 అని, బీ అని గుర్తులు తగిలిస్తారు. ఇలాంటి ముక్క ఒక్కోటి 75 అక్షరాలు దాటకూడదని నియమం. లెక్క వేస్తే ఒక ముక్కలో పదిహేను తెలుగు కోడ్లు పడతాయి, అంతే. మన సబ్జెక్టు లైన్లు చాలావరకు రెండు మూడు ముక్కలుగా ప్రయాణిస్తాయన్నమాట. దారిలో ఏదో ప్రోగ్రామ్ ఆ ముక్కని నియమం ప్రకారం కాకుండా అక్షరం మధ్యలో కోస్తే అవతల చెత్తలా కనపడుతుంది. తప్పు పంపినవాళ్ల ప్రోగ్రామ్‌ది. మీరు చేయగలిగింది తక్కువ, లోపల మెయిల్ మాత్రం మామూలుగానే చదవొచ్చు.

డీ నొక్కాను, మెయిల్ పోయిందా?

పోలేదు. పక్కన డీ గుర్తు పడుతుంది, అంతే. యూ నొక్కితే ఆ గుర్తు పోతుంది. డాలర్ గుర్తు కొట్టినప్పుడో, క్యూతో బయటికి వెళ్లేటప్పుడు అవునన్నప్పుడో నిజంగా తీసేస్తుంది. ఏదో తప్పు చేశామని అనుమానం వస్తే ఎక్స్ నొక్కి బయటికి వచ్చేయండి, ఏ మార్పూ జరగదు. ట్రాష్ అనే సెట్టింగు కూడా పెట్టుకుంటే తీసేసినవి చెత్తబుట్ట ఫోల్డర్లో ఉంటాయి.

మెయిల్ రాశాక పంపడం ఎలా? ఎడిటర్లోంచి బయటికే రాలేకపోతున్నాను.

ఏ ఎడిటరూ చెప్పకపోతే మట్ చాలాచోట్ల వీఐని తెరుస్తుంది. ఎస్కేప్ కొట్టి, కోలన్ డబ్ల్యూ క్యూ, ఎంటర్. అప్పుడు పంపే ముందు తెర వస్తుంది. ఇక్కడ టీతో ఎవరికో మార్చొచ్చు, ఎస్‌తో సబ్జెక్టు, సీతో సీసీ, ఏతో ఫైలు జత చేయొచ్చు, ఈతో మళ్లీ ఎడిటర్లోకి వెళ్లొచ్చు. వై కొడితే వెళ్లిపోతుంది. క్యూ కొడితే తర్వాత పంపడానికి దాచమంటారా అని అడుగుతుంది. అలా దాచినదాన్ని మెయిళ్ల జాబితాలో క్యాపిటల్ ఆర్‌తో మళ్లీ తెరుచుకోవచ్చు.

జత చేశానని రాసి ఫైలు పెట్టడం మరిచిపోతుంటాను.

అబార్ట్ నోఅటాచ్ అనే సెట్టింగు ఉంది. మెయిల్లో అటాచ్ అనే ఇంగ్లీషు మాట ఉండి ఫైలు లేకపోతే ఆపి అడుగుతుంది. మొదట ఇది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసుకోవాలి. దాని పక్కనే ఏ మాట చూసి ఆపాలో చెప్పే సెట్టింగు ఉంటుంది. నేను అక్కడ ఇంగ్లీషు మాట తర్వాత నిలువు గీత పెట్టి "జత" అని చేర్చుకున్నాను. జతచేశాను, జతపరిచాను, జతగా పంపుతున్నాను, ఎలా రాసినా పట్టుకుంటుంది. ఒకసారి ఇంటి రుణం కాగితాల మెయిల్ ఒట్టిదే పంపి రెండు రోజులు జవాబు కోసం ఎదురుచూశాను. ఆ వారమే ఈ లైను రాసుకున్నాను.

వెతకడం ఎలా? తెలుగు మాటలతో వెతికితే దొరకడం లేదు.

ఎల్ నొక్కి షరతు ఇస్తే దానికి సరిపోయే మెయిళ్లే కనపడతాయి. టిల్డే (~ గుర్తు) ఎఫ్ పంపినవారు, టిల్డే ఎస్ సబ్జెక్టు, టిల్డే బీ లోపలి విషయం, టిల్డే ఎన్ క్యాపిటల్ అయితే కొత్తవి. రెండు మూడు కలిపి రాయొచ్చు. మళ్లీ అన్నీ కావాలంటే ఎల్ కొట్టి ఆల్ అని ఇవ్వండి.

తెలుగులో దొరకకపోవడానికి మూడు కారణాలు చూశాను. ఒకటి వర్ణక్రమం. పెళ్లి అని రాసేవాళ్లున్నారు, పెళ్ళి అని రాసేవాళ్లున్నారు, కంప్యూటర్‌కి అవి వేరువేరు మాటలు. నిలువు గీత పెట్టి రెండూ ఇవ్వండి. రెండోది కంటికి కనపడదు: హాస్టల్‌కి అని రాసినప్పుడు ల్‌కీ కికీ మధ్య ఒత్తు పడకుండా ఆపే ఒక గుర్తు ఉంటుంది, జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటారు. ఫోన్ కీబోర్డులు ఒకచోట పెడతాయి, ఒకచోట పెట్టవు. కాబట్టి మాట మొదటి భాగం, హాస్టల్ వరకే ఇచ్చి వెతకండి. విభక్తులు కూడా అడ్డు రావు. మూడోది, ఫోన్లలోంచి వచ్చే తెలుగు మెయిళ్ల లోపలి విషయం చాలావరకు బేస్64లో ఉంటుంది. దాన్ని విప్పి వెతకాలంటే థరో సెర్చ్ అనే సెట్టింగు ఆన్‌లో ఉండాలి.

మెయిల్ సర్వర్ మీదే ఉంటే టిల్డే బీ ప్రతి మెయిల్‌నీ దించుకుని చూస్తుంది, చాలాసేపు పడుతుంది. టిల్డే బదులు ఈక్వల్ గుర్తు పెట్టి బీ అంటే సర్వర్‌నే వెతకమంటుంది.

బొమ్మలతో, రంగులతో వచ్చే మెయిళ్లు ఎలా చదవాలి?

డబ్ల్యూ3ఎమ్ అనే టెక్స్ట్ బ్రౌజర్ వేసుకుని, ఏ రకం ఫైల్‌ని ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో చెప్పే మెయిల్‌క్యాప్ ఫైల్లో హెచ్‌టీఎమ్ఎల్‌ని దానితో డంప్ చేయమని ఒక లైను రాయండి, చివర కోపియస్‌అవుట్‌పుట్ అని ఉండాలి. మట్‌ఆర్‌సీలో ఆటో వ్యూ కింద హెచ్‌టీఎమ్ఎల్‌ని చేర్చండి. రైలు టికెట్ల పట్టికలు కూడా చక్కగా వస్తాయి. పీడీఎఫ్ ఉంటే వీ నొక్కి, దాని మీద ఎంటర్ కొట్టి తెరవండి, ఎస్‌తో సేవ్ చేయండి. ఇంకో లాభం: బయటి బొమ్మలు దిగవు కాబట్టి, మెయిల్లో కనపడని బొమ్మ పెట్టి మీరెప్పుడు తెరిచారో కనిపెట్టేవాళ్లకి ఆ కబురు అందదు.

నెట్ లేనప్పుడు చదవొచ్చా?

చదవొచ్చు, రాయొచ్చు కూడా. ఎమ్‌బీసింక్ అనే ప్రోగ్రామ్ సర్వర్లోని మెయిల్ మొత్తాన్ని మీ డిస్క్ మీద మెయిల్‌డిర్ రూపంలోకి దించుతుంది, అటు ఇటు మార్పులు సరిచూస్తుంది. మెయిల్‌డిర్ అంటే ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫైలు. ప్రతి ఫోల్డర్లో న్యూ, కర్, టెంప్ అని మూడు అరలుంటాయి. డేనియల్ బెర్న్‌స్టీన్ తన క్యూమెయిల్ సర్వర్ కోసం చేసిన ఏర్పాటిది. మెయిల్ ముందు టెంప్‌లో పూర్తిగా రాయబడి, తర్వాతే న్యూలోకి జరుగుతుంది. మధ్యలో కరెంటు పోయినా సగం మెయిల్ మీ కంటపడదు. కాకినాడలో మా ఇంట్లో ఎండాకాలం రోజుకి రెండు మూడుసార్లు కరెంటు పోతుంది. ఇన్నేళ్లలో ఒక్క మెయిల్ పాడవలేదు.

జీమెయిల్‌తో పంపినవి రెండేసి కనపడుతున్నాయి.

జీమెయిల్ తనే ఒక కాపీ దాచుతుంది, మట్ ఇంకోటి దాచుతోంది. రికార్డ్ అనే సెట్టింగుని ఖాళీగా వదలండి.

పాత మెయిళ్లన్నీ ఇందులోకి తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోండి, వాయిదా వేయకండి. నేను మొదట పనిచేసిన చోట ఉద్యోగం మానేసిన సాయంత్రమే ఖాతా మూసేశారు. పనివి ఎలాగూ వాళ్లవే. కానీ ఆ అడ్రసుకి మా నాన్నగారు రాసిన నలభై మెయిళ్లు దాంతోపాటే పోయాయి. ఆయనకి వేరే అడ్రస్ ఇవ్వాలని తోచని వయసు నాది. ఇప్పుడు నా సొంత మెయిల్ ఆఫీసు అడ్రసుకి రానివ్వను, వచ్చిందంతా నా డిస్క్ మీద ఒక కాపీ ఉంటుంది.

జీమెయిల్ అయితే గూగుల్ టేకౌట్‌లో మెయిల్ ఒక్కటే ఎంచుకోండి. ఎమ్‌బాక్స్ అనే ఒకే పెద్ద ఫైల్‌గా ఇస్తుంది. మట్ దాన్ని నేరుగా తెరవగలదు: మట్, హైఫన్ క్యాపిటల్ ఆర్, హైఫన్ ఎఫ్, ఆ తర్వాత ఫైలు పేరు. క్యాపిటల్ ఆర్ ఉంటే చదవడానికే తెరుస్తుంది, అసలు ఫైల్‌లో ఏమీ మారదు. క్యాపిటల్ టీ కొట్టి టిల్డే క్యాపిటల్ ఏ ఇస్తే అన్ని మెయిళ్లకీ గుర్తు పడుతుంది. సెమీకోలన్, వెంటనే క్యాపిటల్ సీ కొట్టి మీ మెయిల్‌డిర్ ఫోల్డర్ పేరు ఇవ్వండి, అన్నీ అందులోకి కాపీ అవుతాయి. ఫోల్డర్ కొత్తదైతే ముందే మట్‌ఆర్‌సీలో ఎమ్‌బాక్స్ టైప్ సెట్టింగుని మెయిల్‌డిర్ చేసి ఉంచండి, లేకపోతే మళ్లీ ఒకే పెద్ద ఫైల్ తయారవుతుంది. ఫైలు నాలుగైదు జీబీ ఉంటే తెరవడానికి, కాపీకి చాలాసేపు పడుతుంది. మధ్యలో ఆపకండి. ఛార్జర్ పెట్టి రాత్రి వదిలేయండి.